మావయ్యను దాటని కార్లు

మా ఆడపడుచు కూతురు ఎమ్మెస్ చదువుకోవడానికి అమెరికా వచ్చి, హెర్న్‌డన్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లో రెండేళ్ళు ఉంది. రెండు వేల ఏడు ప్రాంతం. చదువు చివర్లో ఒక పెద్ద ప్రాజెక్టు చేసి చూపించాలి. ఈ అమ్మాయి కారు పందేల వీడియో గేమ్ చేస్తానంది. నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, ఆ గేమ్ కంప్యూటర్ లోపల ఎలా తయారైందో చెప్పలేను. కానీ దానికి ఎక్కడ జబ్బు చేసింది, ఎలా కోలుకుంది అన్నది మాత్రం నా కళ్ళ ముందే జరిగింది. మా టీవీకి ఎదురుగానే నా పొయ్యి.

మా ఆయన ఆమెకు సొంత మేనమామ. కూతుర్ని విమానం ఎక్కించేటప్పుడు వాళ్ళ నాన్న ఫోన్ చేసి, "బావా, అక్కడ నీ మాటే నా మాట" అన్నాడు. ఆ ఒక్క మాటను మా ఆయన గట్టిగా పట్టుకున్నారు. ఏ కోర్సు తీసుకోవాలో ఆయనే చెప్పాలి, చలికోటు ఎంత మందం ఉండాలో కూడా ఆయనే చెప్పాలి. డేటాబేస్ ప్రాజెక్టు చేస్తే చదువు అవగానే ఉద్యోగం చేతిలో ఉంటుందని ఆయన నమ్మకం.

"ఆటలాడుకోడానికా తల్లీ ఇంత దూరం వచ్చింది?"

"ఆడటానికి కాదు మావయ్యా, చేయడానికి. రెండూ వేరు."

"ఇంటర్వ్యూలో ఏం చేశావమ్మా అంటే ఏం చెప్తావు? కార్లు తిప్పానని చెప్తావా?"

వారం రోజులు ఇలా నడిచాక ఒక ఒప్పందానికి వచ్చారు. వాళ్ళ ప్రొఫెసర్ సరేనంటే గేమ్, కాదంటే మారు మాట్లాడకుండా డేటాబేస్. అమ్మాయి ఒప్పుకుంది. ఒప్పుకున్న క్షణం నుంచి దాని కంటికి నిద్ర లేదు. చిన్నప్పుడు మా ఆడపడుచు ఇంటికి వెళ్తే గోడల మీద బొగ్గుతో బళ్ళు గీసి తిట్లు తినేది ఈ పిల్లే. దానికి ఇది ఎంత ముఖ్యమో నాకు తెలుసు.

మొదటిసారి గేమ్‌ను మా టీవీలో చూపించింది ఒక శనివారం మధ్యాహ్నం. శనివారాలు షాంటిలీ నుంచి ఇద్దరు కుర్రాళ్ళు భోజనానికి వచ్చేవారు, అమ్మాయి కాలేజీలోనే చదివేవాళ్ళు. ఒకతనిది వరంగల్, ఒకతనిది గుంటూరు. ఇద్దరూ ఉద్యోగాల వేటలో ఉన్నారు. ఆ రోజు నేను గారెలు వేస్తున్నాను.

టీవీ తెర అడ్డంగా రెండు ముక్కలైంది. పైముక్కలో ఒకరి కారు, కిందిముక్కలో ఇంకొకరిది. కార్లు ఎలా మెరుస్తున్నాయనుకున్నారు! పెళ్ళికి తోమి బోర్లించిన ఇత్తడి బిందెల్లా ఉన్నాయి. వాటి మీద ఆకాశం కూడా కనపడుతోంది. రోడ్డు పక్క చెట్లకు ఆకు ఆకునూ విడిగా గీసింది. ఆ ఆకులకే నాలుగు వారాలు పట్టాయట.

ముందు మా ఆయనా గుంటూరు అబ్బాయీ పోటీ పడ్డారు. మా ఆయన గెలిచారు, కారు ముక్కు పొడవంత తేడాతో. తర్వాత వరంగల్ అబ్బాయితో పోటీ. మళ్ళీ ఆయనే, మళ్ళీ అంతే తేడా. ఆరు పందేలు ఆడితే ఆరూ ఆయనవే.

"అబ్బో అంకుల్, చెయ్యి మస్తు తిరిగింది మీకు" అన్నాడు వరంగల్ అబ్బాయి.

"మరేమనుకున్నావ్? టోల్ రోడ్డు మీద పదేళ్ళ సర్వీసు" అని మా ఆయన కంట్రోలర్ ఇంకొంచెం పైకెత్తి పట్టుకున్నారు.

తొమ్మిదేళ్ళ మా పాప కూడా ఒకసారి ఆడింది. వరసకు వదినా అని పిలవాలి, అది మాత్రం అక్కా అనే అనేది. "నైస్ అక్కా" అని కంట్రోలర్ సోఫాలో పడేసి మేడమీదికి పోయింది.

అమ్మాయి అదేమీ పట్టించుకోలేదు. నోట్‌బుక్‌లో ప్రతి పందెం టైమూ రాసుకుంటోంది. పొయ్యి దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "అత్తయ్యా, ఆరుకి ఆరూ ఒక్క సెకను తేడా! చివరిదాకా ఎవరు గెలుస్తారో తెలియట్లేదు. బ్యాలెన్స్ అదిరింది" అని నా చేతిలో గారె లాక్కుని తింది. కుర్రాళ్ళు కూడా సూపర్, కేక అని పొగిడారు. అంత సంతోషం దాని ముఖంలో వచ్చిన కొత్తలో కూడా చూడలేదు.

మంగళవారం దాన్ని క్లాసులో చూపించింది. సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే మెట్ల మీద కూర్చుండిపోయింది.

"ఏమైందే?"

"చాలా బాగుందన్నారు అత్తయ్యా. అందరూ అన్నారు. అందరూ ఒక్కసారి ఆడారు, లేచి వెళ్ళిపోయారు."

జరిగింది ఇది. మొదటి మలుపులో ఎవరు ముందుకెళ్తే వాళ్ళే చివరిదాకా ముందు. వెనకపడ్డవాళ్ళు ఎంత నొక్కినా అందుకోలేకపోయారట. ఇద్దరైతే పందెం సగంలోనే కంట్రోలర్ కింద పెట్టి ఫోన్లు చూసుకున్నారట. ప్రొఫెసర్ మాత్రం మర్యాదగానే మాట్లాడాడు. అద్దాల షాపులా ఉంది, బయట నిలబడి చూశారు కానీ మళ్ళీ లోపలికి రావాలని ఎవరికీ అనిపించలేదు అన్నాడు. మూడు వారాల టైమిచ్చాడు. అప్పటికి ఎవరూ అడక్కుండా తమంతట తాము రెండోసారి ఆడితే సరే, లేకపోతే ప్రాజెక్టు మార్చుకోవాలి.

మా ఆయన ఎగతాళి చేయలేదు, అది ఒప్పుకోవాలి. అమ్మాయి పక్కన మెట్టు మీద కూర్చున్నారు. "మూడు వారాలెందుకమ్మా వేస్ట్ చేసుకోవడం? ఇప్పుడే డేటాబేస్‌కి స్విచ్ అయిపో. మా ఫ్రెండ్‌కి ఫోన్ చేస్తాను, అన్నీ దగ్గరుండి చూపిస్తాడు."

"టైమిచ్చారు కదా మావయ్యా. ఆ మూడు వారాలూ ఉండనివ్వండి."

ఆయన లేచి వెళ్ళాక అమ్మాయి నోట్‌బుక్ తెరిచి నా ముందు పెట్టింది. "మనింట్లో ఆరుకి ఆరూ దగ్గర దగ్గరగా వచ్చాయి. అక్కడ ఒక్కటి కూడా రాలేదు. అదే గేమ్ కదా అత్తయ్యా?"

అదే గేమ్, కానీ అదే ఆట కాదని నాకప్పుడు వెలిగింది. ఎందుకంటే శనివారం పొయ్యి దగ్గర నుంచి నేనొకటి చూశాను. చివరి మలుపు దగ్గరికొచ్చేసరికి గుంటూరు అబ్బాయి బొటనవేలు మీట మీంచి పైకి లేచేది. ప్రతిసారీ. వరంగల్ అబ్బాయైతే కారును కావాలని గడ్డిలోకి దించేవాడు. పళ్ళెంలో ఆఖరి గారె పెద్దాయన కోసం వదిలేస్తారు చూడండి, అలాగ. నాకు ముచ్చటేసింది కూడా. ఎంత పద్ధతైన పిల్లలు అనుకున్నానే కానీ, ఈ పిల్ల కొంప ముంచుతున్నారని తట్టలేదు.

చెప్పేశాను. అమ్మాయి నమ్మలేక వెంటనే వాళ్ళకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"నిజం చెప్పు, శనివారం కావాలనే ఓడిపోయావా?"

ముందు వరంగల్ అబ్బాయి గొంతు వినపడింది. "మరి ఎట్ల దాటుత చెప్పు? పెద్దమనిషాయె. ఆయన ఇంట్ల అన్నం తినుకుంట ఆయన కారునే ఓడగొడ్తనా? మీదికెల్లి నా రెజ్యూమె ఆయన దగ్గర్నే ఉన్నది."

గుంటూరు అబ్బాయి ఫోన్ లాక్కున్నాడు. "నేనైతే రెండుసార్లు గోడక్కూడా గుద్దాను, తెలుసా! ఆ యాక్టింగ్‌కి నువ్వు నాకు థాంక్స్ చెప్పాలి."

అమ్మాయికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఫోన్ పెట్టేసి, నోట్‌బుక్‌లో ఆ ఆరు పందేల మీద అడ్డంగా గీత కొట్టింది.

"మొహమాటం అత్తయ్యా. నా గేమ్ బాగుందనుకున్నాను. బాగున్నది వాళ్ళ మొహమాటం."

నేనన్నాను: "నా వంటను కూడా అందరూ సూపర్ ఆంటీ అనే అంటారే. ఆ మాట నేనెప్పుడైనా పట్టించుకున్నానా? వాళ్ళు వెళ్ళాక ఏ గిన్నె ఖాళీ అయిందో చూసుకుంటాను. ఏ గిన్నె నిండుగా ఉందో దానిలో లోపం ఏమిటో రుచి చూసి కనిపెడతాను. నువ్వూ అదే చెయ్యి."

లోపాలు వెతకడం ఆ మర్నాటి నుంచే మొదలైంది. ముందు తెర మీది బొమ్మ సంగతి. పొద్దున్నే పాపను బడికి పంపి, నేను టీ పట్టుకుని దాని పక్కన కూర్చునేదాన్ని. అది ఆడుతుంటే చూసేదాన్ని.

"కారు అప్పడంలా తేలుతోందేమే?" అన్నాను.

"తేలడమేంటి?"

"నూనెలో అప్పడం చూడు, అలా ఉంది. రోడ్డు మీద కూర్చోలేదు."

అది తెరలోకి తొంగి చూసింది. కారు కింద నీడ లేదు. అంత మెరుపు పెట్టింది కానీ కింద నీడ పెట్టడం మర్చిపోయింది. ఆ నీడ పెట్టగానే కారుకు బరువొచ్చింది. ఇంకొకటి, ఎంత వేగంగా పోతున్నా పోతున్నట్టే లేదు. ఎందుకో ఇద్దరికీ అర్థం కాలేదు. అంకెలో నూట ఇరవై అని పడుతోంది, మనసుకు మాత్రం ఎడ్లబండి మీద పోతున్నట్టుంది.

అది తెలిసింది గురువారం, షాంటిలీకి సరుకులకు వెళ్తున్నప్పుడు. అమ్మాయి డ్రైవ్ చేస్తోంది, నేను పక్క సీట్లో. హైవే ఎక్కాక దూరంగా ఉన్న చెట్లు కదలకుండా మాతోపాటే వస్తున్నట్టున్నాయి. పక్కన ఇనుప కంచె గుంజలు మాత్రం టకటక వెనక్కి పోతున్నాయి. కారు ముందు తెల్లగీతలు ఒక్కొక్కటిగా వచ్చి కిందికి జారిపోతున్నాయి. ఊరికే అన్నాను, "దూరంగా చూస్తే నిలబడ్డట్టుంది, దగ్గర చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి" అని.

"అత్తయ్యా, మళ్ళీ చెప్పు" అంది.

అది రోడ్డు వైపే చూస్తోంది కానీ ముఖం మారిపోయింది. దాని గేమ్‌లో అందమంతా దూరంలో ఉంది: కొండలు, మబ్బులు, చెట్లు. రోడ్డు అంచున ఏమీ లేదు. దగ్గర వస్తువు జారిపోతేనే వేగం తెలుస్తుంది. ఇంటికెళ్ళగానే రోడ్డంతా గుంజలు పాతింది, గీతలు వేసింది, మలుపుల దగ్గర టైర్ల నల్ల మరకలు పెట్టింది. కొత్త ప్లాస్టిక్ టేబుల్ కవర్‌లా ఉన్న రోడ్డు, నలుగురు నడిచిన రోడ్డయింది.

కానీ ఇవన్నీ ఎక్కించేసరికి బొమ్మ ఆగి ఆగి నడవడం మొదలుపెట్టింది. కరెంటు తగ్గినప్పుడు గ్రైండర్ మూలుగుతుంది చూడండి, అలాగ. చెయ్యి తిప్పిన కాసేపటికి కానీ కారు తిరగడం లేదు. చెట్ల మీద ఆకులే కారణం. నాలుగు వారాల ఆకులు. అమ్మాయి ఒక పూటంతా వాటిని చూస్తూ కూర్చుంది. తర్వాత పళ్ళు బిగపట్టి తీసేసింది, దూరం చెట్లకు ఆకుపచ్చ ముద్ద మాత్రం ఉంచింది. ఆశ్చర్యం ఏమిటంటే, ఆకులు పోయాక బొమ్మ ఇంకా అందంగా కనపడింది. నూనె రాసినట్టు సాగింది. ఆకులు పోయాయని ఇంట్లో ఒక్కరూ గమనించలేదు. అది మాత్రం ఆ రోజు సరిగ్గా అన్నం తినలేదు.

ఇక ఆట సంగతి. శనివారం కుర్రాళ్ళు వచ్చారు. మొహమాటం ఉన్నంతకాలం నిజం బయటపడదు కాబట్టి, ఎవరు ఏ కారులో ఉన్నారో ఎవరికీ తెలియకూడదని నేనే చెప్పాను. కుర్రాళ్ళ ల్యాప్‌టాప్‌లూ అమ్మాయిదీ కలిపి మూడు. ఒకటి బేస్‌మెంట్‌లో, ఒకటి వంటగది బల్ల మీద, ఒకటి మేడమీద పాప గదిలో. మూడింటినీ కలుపుతూ మెట్ల నిండా నీలం వైరు. ప్రతి పందేనికీ స్టీలు గిన్నెలో చీటీలు వేసి రంగు తీసుకోవాలి: ఎరుపు, పసుపు, పచ్చ. తీసిన రంగు పైకి చెప్పకూడదు. ఆడేటప్పుడు నోరెత్తకూడదు. పాప కూడా ఆటలో ఉంటానంది, వంతులు వేసుకున్నాం.

"మన ఇంట్లో మనకే దొంగాటా?" అన్నారు మా ఆయన. అయినా చీటీ తీశారు.

మొదటి పందెంలో మేడమీద ఉన్నది గుంటూరు అబ్బాయి. తనది ఏ కారో ఎవరికీ తెలియదు కదా, బాణంలా వెళ్ళిపోయాడు. మా ఆయన వంటగది బల్ల దగ్గర ఒకటిన్నర చుట్టు తిరిగి కంట్రోలర్ పెట్టేశారు. "ఇంకెక్కడ పట్టుకుంటాం? అన్నం పెట్టు."

అమ్మాయి నా వైపు చూసింది. జబ్బు దొరికింది.

భోజనాలు ముగుస్తుండగా అందరూ తలో మాటా చెప్పారు. ముందున్న కారును కంప్యూటరే కాస్త నెమ్మది చేస్తే సరిపోతుందని గుంటూరు అబ్బాయి అన్నాడు. చాలా గేమ్‌ల్లో అలాగే చేస్తారట.

అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "అంటే మావయ్య కోసం నువ్వు బ్రేక్ వేశావే, ఆ పని కంప్యూటర్ చేత చేయించమంటావు. గెలిచినవాడికి తెలిసిపోతుంది. ఒకసారి తెలిశాక ఆడబుద్ధి కాదు."

మా ఆయన చేతులు తుడుచుకుంటూ ఆగారు. "నా కోసం బ్రేక్ వేశాడా? ఎప్పుడు?"

వరంగల్ అబ్బాయి పెరుగు గిన్నె అందుకుని చాలా శ్రద్ధగా వడ్డించుకున్నాడు.

"ఆరు పందేలూనా?" అన్నారు మా ఆయన. ఆ మాట ఎంత చిన్నగా అన్నారో! నాకు జాలేసింది. కానీ ఆయనే పకపకా నవ్వి, "రెజ్యూమెలు ఫార్వర్డ్ చేస్తాలేవయ్యా. అసలు ఆట ఆడండి" అన్నారు.

అష్టాచెమ్మాలో వెనకపడ్డవాడు కూడా ఎందుకు లేవడో నేను చెప్పాను. ముందున్న కాయను చంపొచ్చన్న ఆశ. గవ్వలు తనే వేయాలి, ఎవరూ దానంగా ఇవ్వరు. అమ్మాయి ఆలోచించి ఆలోచించి గాలి సంగతి పట్టుకుంది. ముందు కారు గాలిని చీల్చుకుంటూ పోతుంది కాబట్టి, దాని వెనకే అంటిపెట్టుకుని పోయే కారుకు గాలి అడ్డు తగ్గి వేగం పెరుగుతుందట. మా అన్నయ్యలు సైకిళ్ళ మీద ఇసుక లారీ వెనక పోయి మా నాన్న చేత తన్నులు తిన్నది ఈ విద్యకే. ధైర్యంగా దగ్గరికి పోతేనే లాభం, కొంచెం తప్పితే గుద్దుకుంటారు. మలుపులను కూడా వెడల్పు చేసి, రాబోయే మలుపు ముందే కనిపించేలా దారిని కాస్త దిగువకు వంచింది.

తర్వాతి శనివారం మళ్ళీ చీటీలు. ఈసారి మూడో చుట్టులో ఒక పచ్చ కారు మా ఆయన వెనక నీడలా పట్టుకుని వచ్చి, పందెం ముగిసే గీత దగ్గర దాటేసింది.

"ఎవర్రా అది!" అని అరిచారు. నోరెత్తకూడదన్న నియమం అక్కడే పోయింది. "ఇంకొకటి. ఇంకొక్కటి వెయ్యండి."

రెండో పందెంలో ఆయన గెలిచారు. మూడోదాంట్లో పచ్చ కారు మళ్ళీ కొట్టింది. నాలుగో దాంట్లో ఆయన పచ్చ కారు వెనక గాలి పట్టుకుని దాటి, వంటగదిలో లేచి నిలబడి మరీ గెలిచారు. సాంబారు రెండుసార్లు వేడి చేశాను. ఆ పచ్చ కారు తన పాత శత్రువు అయినట్టు దాన్నే వెతుక్కుంటూ ఆడారు. ప్రతి పందేనికీ చీటీలు మారుతున్నాయి కదా, పచ్చ కారులో ఒకసారి వరంగల్ అబ్బాయి, ఒకసారి గుంటూరు అబ్బాయి, ఒకసారి మా పాప. ఆ సంగతి ఆయనకు గుర్తే రాలేదు. మేడమీంచి పాప అరుపు వినపడింది, "అమ్మా, డోంట్ కాల్ మి ఫర్ లంచ్!" అని. అమ్మాయి టైములు రాయడం మానేసి మెట్ల మీద నిలబడి వింటోంది, మూడు గదుల్లోంచీ వచ్చే అరుపుల్ని.

మూడో వారం మంగళవారం క్లాసులో మళ్ళీ చూపించింది. నాకు ఆ రోజు పని మీద చెయ్యి నిలవలేదు. అది సాయంత్రం వచ్చి బ్యాగ్ భుజాన ఉండగానే చెప్పింది. క్రితంసారి సగంలో వదిలేసి ఫోన్ చూసుకున్నవాడే ఈసారి ఆడి, ఓడి, బయటికి వెళ్ళాడట. వెళ్ళి ఇంకో క్లాసులోని ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకుని వచ్చాడట. ప్రొఫెసర్ కూడా కంట్రోలర్ అడిగి తీసుకున్నాడు. ఓడిపోయాడు. ఏమీ మాట్లాడకుండా మళ్ళీ మొదలుపెట్టాడు. అయ్యాక ఫారం మీద సంతకం పెట్టి ఇచ్చాడు. అమ్మాయి ఆ కాగితాన్ని నా చేతికి ఇవ్వడానికి కూడా వదల్లేదు, పట్టుకుని చూపించింది.

ఇక మిగిలింది వాళ్ళ నాన్నకు చెప్పడం. దానికి ధైర్యం చాలక మావయ్య ముఖం చూసింది. మా ఆయన ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళారు. తలుపు సరిగ్గా మూయలేదు, మాకు అంతా వినపడింది.

"బావా, అమ్మాయి డేటాబేస్ తీసుకోవట్లేదు. అవును, గేమే. ఏంటి... లేదు లేదు, అదేం మొండికేయలేదు. డేటాబేస్ చేస్తానంటే నేనే వద్దన్నాను. ప్రతివాడూ అదే చేస్తున్నాడు, నువ్వు నీకొచ్చింది చెయ్యమన్నాను. నా మాటే నీ మాట అన్నావుగా? మరింకేం?"

అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను దాని మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాను, నవ్వు బయటికి రానివ్వద్దని.